మడతలోని చుక్క

ఈరోజు చెయ్యవలసినవి: గైడు సారు రాసిచ్చిన ఉత్తరమూ నా గుర్తింపు కార్డూ ఒకే కవర్లో పెట్టుకోవాలి. పెన్ను కాదు, పెన్సిలే తీసుకెళ్ళాలి, పాత పుస్తకాల గదిలోకి సిరా రానివ్వరు. నాన్న కొట్లోంచి భూతద్దం అడిగి తెచ్చుకోవాలి, అడక్కుండా తెస్తే రోజంతా వెతుక్కుంటాడు. ఉక్కు స్కేలు. ట్రేసింగు కాగితం నలగకుండా గొట్టంలో చుట్టాలి. మొదటి బస్సు అందుకోవాలి. ఫోను నోరు మూయించాలి. తిరిగి వచ్చేటప్పుడు వదినకు థైరాయిడ్ మాత్రలు కొనాలి, మర్చిపోతే గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. సంపుటం సంఖ్య చెప్పేటప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న తప్పు సంఖ్య నోట్లోంచి జారిపడకుండా చూసుకోవాలి. చిట్టచివరిది, ఆశ పెట్టుకోకూడదు.

అన్నీ చేశాను, మాత్రలూ చివరిదీ తప్ప. మాత్రలకింకా టైముంది. చివరిదానికి లేదు, అది బస్సెక్కకముందే చెడింది.

గ్రంథాలయం కౌంటరు దగ్గర కళ్ళజోడు తాడు మెళ్ళో వేసుకున్న ఒకావిడ నా చీటీని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చదివింది. "ఈ పత్రికా? దీన్నెవరూ అడగరే," అంది. నేను అడుగుతున్నానండీ అన్నాను. "అడుగుతున్నావు సరే, కింద గోదాములో ఉండాలిగా. ఉంటే ఉంది, లేకపోతే లేదు. మా ఆయన భోంచేసి వెతికి లిఫ్టులో పంపుతాడు," అంది. మా ఆయన అంటే నిజంగానే ఆవిడ భర్తట, గోదాము ఆయనది, కౌంటరు ఈవిడది, ఇద్దరికీ మధ్య ఒక లిఫ్టు. ఎంతసేపు పడుతుందండీ అని అడిగాను. "ఆయన నమలడాన్ని బట్టి. కూర్చో."

కూర్చున్నాను. గది రైలుపెట్టెలా పొడుగ్గా ఉంది, కిటికీలన్నీ ఒకవైపే. బల్ల మీద ఎప్పటివాళ్ళో కంపాసు ముల్లుతో చెక్కిన గీతలు, నా మోచేతి కింద ఎవరో మొదలుపెట్టి వదిలేసిన సమీకరణం, సమానం గుర్తు దాకా వచ్చి ఆగిపోయింది, అవతల ఏమీ లేదు. పాపం, అతనికీ పుస్తకం వచ్చి ఉండదు. ఎదురు గోడలో వంటింటి అలమారంత చిన్న తలుపు, దాని వెనక పుస్తకాలు మోసే బుల్లి లిఫ్టు. గోడ కడుపులో గొలుసు గరగరమన్నప్పుడల్లా నా గుండె కిందికి దిగి మళ్ళీ పైకొస్తోంది. ఇందాక ఒకసారి గరగరమంది, తలుపు తెరుచుకుంది, నేను సగం లేచాను, చూస్తే తేనెటీగల పెంపకం మీద లావుపాటి పుస్తకం. కిటికీ దగ్గరి పెద్దాయన చేతులు రుద్దుకుంటూ వెళ్ళి దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చుకున్నాడు. ఆయన మొహం చూశాక కోపం రాలేదు. ఎవరి తేనె వాళ్ళది. నా తేనె ఒక మిట్ట. మూడేళ్ళుగా ఆ మిట్ట గురించే లేస్తున్నాను, పడుకుంటున్నాను. ఒక మిశ్రలోహపు తీగను చల్లబరుస్తూ పోతే, కరెంటుకు అది పెట్టే అడ్డు తగ్గుతూ పోతుంది. పుస్తకాలన్నిట్లోనూ ఆ గీత జారుడుబల్లలా నున్నగా దిగుతుంది. నా లెక్కలో మాత్రం దారి మధ్యన ఒకచోట చిన్న మిట్ట లేస్తుంది, లేచి వెంటనే పడిపోతుంది. కొట్టేసి మళ్ళీ చేశాను, వచ్చింది. వేరే దారిన చేశాను, వచ్చింది. జ్వరంలో చేశాను, అప్పుడూ వచ్చింది. గైడు సారు మంచివాడే గాని మొహమాటం లేనివాడు. "అమ్మాయ్, నీ లెక్కకీ ప్రయోగానికీ తగాదా వస్తే నేను ప్రయోగం తరఫు చుట్టాన్ని," అన్నాడు. మన దగ్గర ఆ తీగ లేదు, అంత చలి పుట్టించే యంత్రమూ లేదు, ఉన్నవి పలకంత కంప్యూటరూ పెన్సిలూ. ఆ తీగను ఆ చలిలో కొలిచింది ఒక్కసారే, మా తాతల కాలంలో, ఇద్దరు మనుషులు. "వాళ్ళ అసలు గ్రాఫు చూసిరా. పుస్తకాల్లో తిరిగి గీసింది కాదు, అసలుది. అందులోనూ మిట్ట లేకపోతే ఆ అధ్యాయం తీసేసి సోమవారం మిగిలింది నాకు పంపు," అన్నాడు. ఆ అధ్యాయం తీసేస్తే మిగిలేది ముందుమాటా అట్టా.

లిఫ్టు మోటారుకి బేరింగు పోయింది. వినగానే తెలిసిపోతుంది, కూనిరాగం తీస్తూ మధ్యలో దగ్గుతుంది. నాకు ఇలాంటివి తెలుస్తాయి, మాది మోటార్ల వైండింగు కొట్టు. ఇంట్లో నేనొక్కదాన్నే డిగ్రీ దాకా వచ్చాను, అన్నయ్య పదో తరగతిలోనే కొట్లోకి వచ్చేశాడు, వాడి చేతులే నాకంటే భౌతికశాస్త్రం ఎక్కువ ముట్టుకున్నాయని నా నమ్మకం. కాలిన మోటారు వస్తే నాన్న ముందు కొయ్యడు. లెక్కపెడతాడు. నల్లగా మాడిన తీగచుట్టను ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క చుట్టూ విప్పుతూ లెక్కపెడతాడు, అప్పుడు ఎవరు పలకరించినా పలకడు, అమ్మ అన్నం చల్లారిపోతోందని అరిచినా చెయ్యెత్తి ఆగమంటాడు గాని నోరు తెరవడు. నోరు తెరిస్తే లెక్క పోతుంది. ఒక్కసారే తొందరపడ్డాడట, నేను పుట్టకముందు. మోటారు మూత లోపల ముందటి మెకానిక్కు సుద్దతో చుట్ల సంఖ్య రాసిపెట్టాడు, బాగానే రాసిపెట్టాడులే అని అదే చుట్టేశాడు. మోటారు వారం తిరక్కుండా మళ్ళీ మాడింది. వెళ్ళి ఆ మెకానిక్కుని నిలదీస్తే అతను నేను మాత్రం లెక్కపెట్టానా, నాకంటే ముందువాడు రాసింది దించాను అన్నాడట. ఇప్పటికీ ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకుంటాడు. "రాసింది చదివాను గాని తీగను చదవలేదే," అంటాడు.

మా శాస్త్రంలోనూ సుద్దరాతలే. ఆ తీగను కొలిచిన ఇద్దరి పేపరును పేర్కొన్నవాళ్ళు లెక్కలేనంతమంది, చదివినవాళ్ళు ఉన్నారా అని మొదటిసారి అనుమానం వచ్చింది పోయిన వానల్లో. పాఠ్యపుస్తకంలో ఉన్న సంపుటం సంఖ్య పట్టుకుని వెతికితే ఆ సంపుటంలో ఆ పేజీ దగ్గర సబ్బు బుడగల మీద వ్యాసం ఉంది. ఇంకో పుస్తకం తీశాను, అదే సంఖ్య. ఒక సమీక్షావ్యాసం, అదే సంఖ్య. నా ముందు ఇదే పని మీద పట్టా పుచ్చుకున్న ఒక పెద్దమనిషి థీసిస్, అదే. అందరూ సబ్బు బుడగల దగ్గరికే పంపుతున్నారు, ఒక్కరూ వెళ్ళలేదు! పరీక్షలో ఒకరి వెనక ఒకరు కూర్చుని దించుకున్న పిల్లలు కొట్టివేతలతో సహా దించేసినట్టు. ఆరోజు నాకు కోపం రాలేదు, ఒళ్ళు ఝల్లుమంది. ఇంతమంది ఆ గ్రాఫును చూడలేదంటే, ఆ గ్రాఫులో ఏముందో ఎవరికీ తెలియదన్నమాట. తెలియదంటే ఏదైనా ఉండొచ్చన్నమాట. ఆ 'ఏదైనా' అన్న మాటే నన్ను ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది. పేజీలు తిరగేసి తిరగేసి అసలు సంపుటం పట్టుకున్నాను, స్కాను చేసినది కంప్యూటర్లోనే దొరికింది, వంటింట్లోకి పరిగెత్తి వదినని పట్టుకుని గిరగిరా తిప్పాను, ఆవిడ చేతిలో గరిటె ఉంది, గోడ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది. తీరా చివరి పేజీకి వెళితే గ్రాఫు లేదు. గ్రాఫు పెద్దది, మడతపెట్టి అతికించిన కాగితం మీద ఉంది. స్కాను చేసిన మహానుభావుడు మడత విప్పలేదు. మూసిన మడతనే ఫొటో తీసి ముందుకు పోయాడు. తెర మీద తెల్లటి కాగితం వీపు, దాని వెనక నుంచి చర్మం కింద నరాల్లా కనీకనపడని గీతలు, ఒక మూల అతని బొటనవేలు. ఆ వేలిని ఎన్ని తిట్లు తిట్టానో. తర్వాత గ్రంథాలయాలకు రాశాను. ఒకరు ఆ పత్రికను తూకానికి అమ్మేశామన్నారు. ఒకరు సంపుటం ఉంది, పటం ఎవరో కోసుకుపోయారన్నారు. ఒకరి దగ్గర వరద వచ్చింది. ఇక్కడినుంచి ఒక్క ముక్కే వచ్చింది: వచ్చి చూసుకోండి. ఆ జవాబును ఎన్నిసార్లు చదివానో, అందులో ఉందనీ లేదు, లేదనీ లేదు.

ఫోను బల్ల మీద పురుగులా కదిలింది. వదిన. "తదితరులుగారు దొరికారా?" అని పెట్టింది. ఆ పేరు ఆవిడ పెట్టిందే. నా కాగితాల మీద దుమ్ము దులుపుతూ, ఎక్కడ చూసినా మొదటి రచయిత పేరూ పక్కన 'తదితరులు' అనీ ఉండడం చూసి, "ఈ తదితరులెవరే, అన్నిట్లో ఉన్నాడు, తెగ చదువుకున్నట్టున్నాడు," అంది. నేను నవ్వి, ఈ పేపరుకైతే తదితరులు ఒక్కరే వదినా, రెండో మనిషి, అన్నాను. అంది కదా, "ఒక్కరైతే పేరు రాయడానికి ఏమొచ్చింది? పెళ్ళికి పిలిచి భోజనం పెట్టనట్టు." నిజమే, ఏమొచ్చింది. ఆ రెండో మనిషి గురించి వెతికాను, ఆ ఒక్క పేపరు తప్ప ఎక్కడా లేరు. పేరు ముందు రెండు పొడి అక్షరాలు, ఆడో మగో కూడా తెలియదు. ఎన్ని తెల్లవారుఝాములు ఆ గడ్డకట్టిన గాజుపాత్ర ముందు చేతులు నోటికడ్డం పెట్టుకుని ఊపిరి వెచ్చదనం కూడా తగలకుండా నిలబడ్డారో, ముల్లు కదిలిందా లేదా అని, నోరు తెరిస్తే లెక్క పోతుందని, అచ్చం నాన్నలా. ఇంకా లేదు అని రాస్తున్నాను, మూడు అక్షరాలు కొట్టానో లేదో గొలుసు గరగరమంది.

ఇది నాది. ఎందుకో తెలుసు, మోటారు ఎక్కువ దగ్గుతోంది, బరువుగా ఏదో వస్తోంది. తేనెల పెద్దాయన కూడా తలెత్తాడు. కౌంటరావిడ తలుపు తెరిచి, రెండు చేతులా ఎత్తి, పొట్టకానించుకుని తెచ్చింది, గోధుమరంగు అట్ట, వీపు మీద బంగారు అంకెలు సగం రాలిపోయాయి, కాని మిగిలిన సగం సరైన సగమే. "దొరికిందిలే. పక్క వరసలో తలకిందులుగా ఉందట. ఊపిరి తీసుకో తల్లీ," అంది. పేజీలు నా వేళ్ళకు అలవాటైనవే, తెర మీద ఎన్నిసార్లు తిప్పానో, అయితే వీటికి వాసన ఉంది, వీటికి మందం ఉంది. చివరి పేజీ. మడత. ఉంది! మడత ఉంది, కోసుకుపోలేదు. విప్పబోయాను, రాలేదు. బైండింగు చేసినవాడు జిగురు ధారాళంగా పోశాడు, మడత అంచు తనకుతానే అతుక్కుపోయింది, పైనుంచి కిందిదాకా. అంటే ఈ ప్రతిని కూడా, కట్టిననాటి నుంచి ఈనాటిదాకా, ఎవరూ విప్పలేదు.

కౌంటరావిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసి మళ్ళీ చూసింది. "దీనికి పైవాళ్ళ అనుమతి కావాలి. పైవాళ్ళు సెలవులో ఉన్నారు," అంది. నేను పుస్తకం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఇది విప్పకపోతే నీ చదువు పోతుందా?" చదువు పోదండీ, ఒక అధ్యాయం పోతుంది, అన్నాను. ఉన్నమాట చెప్పడం తప్ప ఇంకేం చేతనవును. "ఎన్నాళ్ళ పని?" మూడేళ్ళు. ఆవిడ నా మొహంలోకి చూసి గబుక్కున పుస్తకం తనవైపు లాక్కుంది. "ఏడవకు. ఏడిస్తే తేమ. పాత కాగితానికి తేమ పడదు." సొరుగులోంచి కాగితాలు విడదీసే మొద్దుచాకు తీసింది, పాపిట తీసినట్టు అంచు వెంట మెల్లగా పోనిచ్చింది, ఎక్కడా ఆగలేదు, జిగురు ఎండి పెళుసెక్కిపోయింది కాబోలు, చిటచిటమని చిన్న చప్పుడుతో వదులుతూ వచ్చింది. "అనుమతి సోమవారం నేనే రాసుకుంటాలే. పైవాళ్ళు ఎలాగూ చదవకుండానే సంతకం పెడతారు. ఇదిగో," అని నావైపు తిప్పింది.

తెరుచుకుంది. లోపలి కాగితం పాలలా తెల్లగా ఉంది, వెలుగు తగలనిది. చుక్కలు. జారుడుబల్ల వెంట వరసగా చుక్కలు, పుస్తకాల్లోలాగే, నున్నగా. ఆ వరస వెంటే కిందిదాకా వెళ్ళాను. తిరిగి పైకొస్తుండగా కళ్ళు ఒకచోట తట్టుకున్నాయి. వరసకు పైన, విడిగా, ఒక్క చుక్క. ఈగ మరకా? సిరా చిందా? భూతద్దం, భూతద్దం ఏది, సంచిలో, సంచి కింద, నాన్న భూతద్దానికి ఎప్పుడూ వార్నిష్ వాసన, దాన్ని చుక్క మీదికి తెచ్చాను. చుక్క చుట్టూ సన్నని వృత్తం. ఈగలు వృత్తాలు గియ్యవు. గొట్టంలోంచి ట్రేసింగు కాగితం తీశాను. ఒక అంగుళానికి ఎన్ని డిగ్రీలో పేపర్లోనే రాశారు కాబట్టి నా లెక్క గీతను అదే కొలతలో ముందే గీసుకున్నాను, కాగితం చుట్టుకుపోతూ రెండుసార్లు పక్కకు జరిగింది, కౌంటరావిడ ఒక మూల పట్టుకుంది, తేనెలాయన ఎప్పుడొచ్చాడో ఇంకో మూల పట్టుకున్నాడు. అక్షాల మీద అక్షాలు కూర్చున్నాయి. నా గీత వాళ్ళ చుక్కల మీదుగా దిగుతూ, దిగుతూ, ఒకచోట తలెత్తి, వృత్తంలోని చుక్క మీదుగా వెళ్ళి, మళ్ళీ దిగి వరసలో కలిసిపోయింది.

"ఉంది!" అని అరిచాను. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ అరిచి ఉండరు. కౌంటరావిడ అలవాటుకొద్దీ "ష్" అంది, అని తనే "ఏదీ, ఎక్కడ?" అని నాకంటే గట్టిగా అడిగింది. చూపించాను. "ఈ మాత్రం చుక్క కోసమా?" అంది. అవునండీ, ఈ మాత్రం చుక్క కోసమే.

పటం కింద, మడత లోపలే, చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలున్నాయి. స్కానులో రానివి, పుస్తకాల్లోకి ఎక్కనివి. వేలు పెట్టి చదివాను. వృత్తంలో ఉన్న కొలత రెండవ రచయిత వేరువేరు దినాల్లో మూడుసార్లు తీసుకున్నది, మూడుసార్లూ అంతే వచ్చింది. పాత్ర ఎక్కడో కారడం వల్ల వచ్చిన పొరపాటని మొదటి రచయిత అభిప్రాయం. రెండవ రచయిత అభిప్రాయం అది కాదు. కారణం తెలియదు గాని, తీసివేయడానికి రెండవ రచయిత ఒప్పుకోనందున దీనిని ఉంచడమైనది.

ఒప్పుకోనందున. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే ముక్కు మండింది, తేమ పడదని మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎంత పోట్లాడి ఉంటారో ఆ ఇద్దరూ, ఆ గదిలో, ఆ చలిలో. కారణం తెలియకుండా, పక్కన నిలబడేవాడు లేకుండా, కొలిచాను గనక ఉంటుంది అని. తర్వాత తిరిగి గీసినవాడెవరో మరకనుకుని వదిలేశాడు, అతన్ని చూసి ఇంకొకడు. ఒక్క చుక్క రుజువు కాదని నాకు తెలుసు, గైడు సారూ అదే అంటాడు, అనాలి కూడా, ఎవరో మళ్ళీ ఆ తీగ లాగాలి, మళ్ళీ చల్లబరచాలి. కాని ఇప్పుడు ఎక్కడ చూడాలో చెప్పగలను, సరిగ్గా ఏ డిగ్రీ దగ్గరో. ఫొటో తీసి పంపాను. గైడు సారు మెసేజీ పెట్టే మనిషి కాదు, ఫోను చేశాడు, బయటి వసారాలోకి పరిగెత్తాను. చుక్క ఏ డిగ్రీ దగ్గరుందో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత "ఆ అధ్యాయాన్ని వెనక్కి కాదమ్మాయ్, ముందుకు జరుపు. నేను ప్రయోగం తరఫు చుట్టాన్నని చెప్పలా," అన్నాడు. నాన్నకు చేశాను. మోటార్ల హోరులో ఏమీ వినపడక "చుట్లు సరిపోయాయా?" అని మాత్రం అరిచాడు. సరిపోయాయి నాన్నా, అన్నాను. "భూతద్దం పారేసుకోకు," అన్నాడు.

వదినకు ఆ నాలుగు వాక్యాలూ ఉన్నవున్నట్టు పంపాను. వెంటనే జవాబు. "తీసెయ్యడానికి ఒప్పుకోలేదంటే కచ్చితంగా ఆడమనిషే. మీ అన్నయ్యనడుగు." కాసేపాగి ఇంకొకటి. "మాత్రలు."

నా థీసిస్ లో ఆ రెండో పేరు మొదటి పేజీలోనే ఉంటుంది, పూర్తిగా, పొడి అక్షరాలతో సహా, పక్కన తదితరులు అన్న మాట లేకుండా. అది ఎక్కువమంది చదివే పుస్తకం కాదని నాకూ తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు భౌతికశాస్త్రం చదవక్కర్లేదు. ఎప్పుడైనా ఎక్కడైనా ఒక నున్నటి గీత కనిపించి, అందరూ అదే అన్నారు గనక అదే అయ్యుంటుందిలే అనిపించిన పూట, ఒక్క క్షణం మా తదితరులుగారిని గుర్తు చేసుకోండి. కొలిచిన చుక్కను తీసెయ్యడానికి ఒప్పుకోని మనిషి.